ప్రమాదం మన చేతుల మీదుగా జరిగినప్పుడు చికిత్సకు ఎక్కడికి వెళ్లాలి: విజయవాడ, గుంటూరు వాసులకు ఒక పోలిక

కారు ప్రమాదం జరిగిందని తెలియగానే అందరి చూపూ అవతలి వాహనంలో దెబ్బలు తిన్నవారి వైపు వెళ్తుంది, వెళ్లాలి కూడా. అయితే ఆ కారు నడిపిన మనిషి, పొరపాటు తనదేనని తెలిసిన మనిషి, చాలాసార్లు తాను కూడా దెబ్బలతోనే బయటపడతాడు. ఛాతీ స్టీరింగుకు తగిలి ఉంటుంది, తల పక్క అద్దానికి కొట్టుకుని ఉంటుంది, మోకాలు డ్యాష్‌బోర్డుకు గుద్దుకుని ఉంటుంది. అతనికి వైద్యం ఎక్కడ చేయించుకోవాలో చెప్పేవారు తక్కువ, నాలుగు రోజులు ఎవరికీ కనపడకుండా ఉండమని చెప్పేవారు ఎక్కువ. ఈ వ్యాసం ఆ మనిషి కోసం, ఆ రాత్రి అతని ఫోను ఎత్తే అన్నదమ్ముల కోసం, స్నేహితుల కోసం రాస్తున్నాను. ఇందులో నేను పదేపదే చెప్పబోయేది ఒక్కటే: ఆసుపత్రిని ముందుగా గాయాన్ని బట్టి ఎంచుకోవాలి, ఆ తరువాత ఖర్చును బట్టి ఎంచుకోవాలి, కేసు భయాన్ని బట్టి మాత్రం ఎంచుకోకూడదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, గాయపడి వచ్చినవాడు నిర్దోషి అయినా, శిక్షకు అర్హుడైన నేరస్థుడే అయినా, అతని ప్రాణం కాపాడటం వైద్యుల బాధ్యత అని స్పష్టం చేసింది. ప్రభుత్వ ఆసుపత్రికి, ప్రైవేటు ఆసుపత్రికి ఈ విషయంలో తేడా లేదు. పోలీసులు వచ్చేదాకా ముట్టుకోబోమని ఏ క్యాజువాలిటీలోనూ అనకూడదు.

ఘటనాస్థలం నుంచి ఆసుపత్రి దాకా

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం గాయపడ్డవారికి వైద్యం అందేలా చూడటం వాహనం నడిపినవారి మొదటి విధి. జనం ఆగ్రహంతో మీద పడుతున్నా, మరేదైనా కారణం చేత అది తన చేతుల్లో లేకపోయినా ఆ విధి నుంచి మినహాయింపు ఉంది. అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల లోపు, దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో జరిగింది తెలియజేయాలి. అంటే గుంపు కొట్టడానికి వస్తుంటే అక్కడే నిలబడి దెబ్బలు తినమని చట్టం అనడం లేదు. కానీ అక్కడి నుంచి కదిలిన మనిషి వెళ్లాల్సింది పోలీసు స్టేషన్‌కో, ఆసుపత్రికో, బంధువుల ఊరికి కాదు. అలా వెళ్లేటప్పుడు 112కు ఫోన్ చేసి తాను ఎవరో, ఎక్కడికి వెళ్తున్నాడో చెబితే ఆ కాల్ రికార్డు తరువాత అతనికి చాలా ఉపయోగపడుతుంది.

ఆసుపత్రికి చేరడానికి సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. 108 అంబులెన్సు ఉచితం. అందులో ఆక్సిజన్, మెడకు పట్టీ, కదలకుండా పడుకోబెట్టే బోర్డు, వాటిని వాడటం తెలిసిన సిబ్బంది ఉంటారు. జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చేసి రహదారి అంబులెన్సును కూడా పిలవవచ్చు. రెండో దారి స్నేహితుడి కారు. మెడ నొప్పి, తల తిరుగుడు, కడుపు నొప్పి, ఊపిరి ఆడకపోవడం, కాలు కదపలేకపోవడం వంటివేవీ లేనప్పుడు మాత్రమే అది సరిపోతుంది. మూడోది, బండి ఇంకా నడుస్తోంది కదా అని తానే నడుపుకుంటూ వెళ్లడం. దీన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను. తలకు దెబ్బ తగిలినవాడు దారిలో స్పృహ తప్పవచ్చు, వారధి మీదనో బెంజి సర్కిల్ దగ్గరనో రెండో ప్రమాదం జరగవచ్చు. పైగా బండిని అక్కడి నుంచి తీసేస్తే, ప్రమాదం ఎలా జరిగిందో చూపించే ఆనవాళ్లను తుడిచేశాడన్న మాట కూడా పడుతుంది.

అక్కడ చేరిన పెద్దవాళ్లు కంగారులో ఉన్న మనిషికి మంచినీళ్లు, టీ తాగించడం మనవైపు ఉన్న అలవాటు. దాని వెనక ప్రేమ ఉందని తెలుసు. కానీ గంటలో ఆపరేషన్ అవసరమయ్యే మనిషికి కడుపు ఖాళీగా ఉండటం మేలు కాబట్టి, డాక్టరు చూసేవరకు ఏమీ ఇవ్వకండి.

ఈ రోజే చూపించుకోవాలా, రేపు చూద్దామా

తప్పు చేశానన్న భావనలో ఉన్న మనిషి తన నొప్పిని తానే పక్కన పెట్టేస్తాడు. అవతల ఒకరు ఐసీయూలో ఉంటే, తన పక్కటెముక నొప్పి గురించి మాట్లాడటానికి అతనికి సిగ్గుగా ఉంటుంది. దానికి తోడు ప్రమాద సమయంలో శరీరంలో ఎగసిపడే అడ్రినలిన్ కొన్ని గంటల పాటు నొప్పి తెలియనివ్వదు. ఈ రెండూ కలిసి ప్రాణాంతకం కావచ్చు. అందుకే ఈ భాగం మీద కొంచెం ఎక్కువ సేపు నిలబడతాను.

తల విషయంలో, పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరే గాయం ఒకటుంది. అందులో మనిషి ముందు కాసేపు స్పృహ తప్పి, మళ్లీ లేచి మామూలుగా మాట్లాడి, కొన్ని గంటల తరువాత ఒక్కసారిగా కుప్పకూలవచ్చు. ఆ మధ్య వ్యవధిలో అందరూ ‘బాగానే ఉన్నాడు’ అనుకుంటారు. కాబట్టి క్షణమైనా స్పృహ తప్పినా, జరిగింది గుర్తు లేకపోయినా, ఒకటికి రెండుసార్లు వాంతి అయినా, వయసు అరవై అయిదు దాటినా, గుండె జబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మందులు వాడుతున్నా, అదే రోజు సీటీ స్కాన్ అవసరమా అని డాక్టరును అడగాలి. కడుపు విషయంలో, సీటు బెల్టు పట్టిన చోట చర్మం కమిలి అడ్డంగా చార కనబడితే లోపల పేగులకో, కడుపులో ఎడమవైపు ఉండే ప్లీహానికో (స్ప్లీన్) దెబ్బ తగిలి ఉండవచ్చని అర్థం. ప్లీహానికి తగిలిన దెబ్బ కొన్నిసార్లు రోజుల తరువాత పగిలి రక్తస్రావం అవుతుంది. బెల్టు ప్రాణం కాపాడింది నిజమే, ఆ చారను డాక్టరుకు చూపించాల్సిన అవసరం మాత్రం అలాగే ఉంటుంది. ఛాతీ స్టీరింగుకు గుద్దుకుంటే ఎక్స్‌రేతో పాటు ఈసీజీ కూడా తీయించాలి, ఎందుకంటే రొమ్ము ఎముక వెనకే గుండె ఉంటుంది. మోకాలు డ్యాష్‌బోర్డుకు తగిలినవారిలో తుంటి కీలు వెనక్కు జారిపోయే గాయం కనిపిస్తుంది. దాన్ని ఆరు గంటల లోపు తిరిగి కూర్చోబెట్టకపోతే తొడ ఎముక తలకు రక్తం అందక కీలు పాడైపోయే ప్రమాదం పెరుగుతుంది. మోకాలి నొప్పి అనుకుని తెల్లవారేదాకా ఓర్చుకున్నవాడు తరువాత ఏళ్ల తరబడి కుంటాల్సి రావచ్చు.

ఇక్కడ ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లడం గురించి కూడా చెప్పాలి. రాత్రిపూట తలుపు తడితే తీసే మనిషి, ఇంటిపేరుతో సహా మనల్ని ఎరిగిన మనిషి కాబట్టి చాలామంది ముందు అక్కడికే వెళ్తారు. చర్మం గీసుకుపోయిన గాయాన్ని శుభ్రం చేయించుకోవడానికి, పెద్దాసుపత్రికి తీసుకువెళ్లడానికి సాయం అడగడానికి అది సరిపోవచ్చు. అక్కడ నొప్పి ఇంజక్షన్ చేయించుకుని ఇంటికి వెళ్లి పడుకోవడం మాత్రం సరికాదు. నొప్పి అణిగిపోతే కడుపులో, తలలో జరుగుతున్నది బయటికి తెలియదు, కొన్ని నొప్పి మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి కూడా.

ఏ ఆసుపత్రి

మన రెండు నగరాలకు ఉన్న అనుకూలత ఏమిటంటే, ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలోనే అన్ని రకాల ఆసుపత్రులూ ఉన్నాయి. విజయవాడలో గుణదల వైపు ఉన్న కొత్త ప్రభుత్వ ఆసుపత్రి, గుంటూరులో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్), మధ్యలో మంగళగిరి ఎయిమ్స్, చినకాకానిలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి, తాడేపల్లి నుంచి విజయవాడ నగరం దాకా కార్పొరేట్ ఆసుపత్రులు, సూర్యారావుపేటలోనూ గుంటూరు కొత్తపేటలోనూ వరసగా నర్సింగ్ హోములు. ఇన్ని ఉండటమే ఒక్కోసారి ఇబ్బంది, ఎందుకంటే నిర్ణయం తీసుకునేవాళ్లు కారులో కూర్చుని ఫోన్లు చేస్తూ అమూల్యమైన మొదటి గంటను పోగొడతారు.

ప్రభుత్వ పెద్దాసుపత్రికి మూడు బలాలున్నాయి. సర్జరీ, ఎముకలు, న్యూరోసర్జరీ, మత్తు ఇచ్చే డాక్టర్లు, బ్లడ్ బ్యాంకు అన్నీ ఒకే ఆవరణలో రాత్రీ పగలూ ఉంటాయి. ప్రమాద కేసుల అనుభవం అక్కడి క్యాజువాలిటీకి ఉన్నంతగా మరెక్కడా ఉండదు. పోలీసు ఔట్‌పోస్టు అక్కడే ఉంటుంది కాబట్టి కేసు నమోదు కాగితాలు వేరే తిరుగుడు లేకుండా సాగుతాయి. దాని లోపం రద్దీ. ఒకే రాత్రి నాలుగు ప్రమాదాలు వస్తే, ప్రాణాపాయం లేనివారు స్ట్రెచర్ మీదనే చాలాసేపు వేచి ఉండాల్సి వస్తుంది. వెంట ఉండి రక్తం, స్కాన్ కాగితాలు, మందుల కోసం తిరిగే మనిషి తప్పనిసరిగా కావాలి.

కార్పొరేట్ ఆసుపత్రిలో వేగం, గది, శుభ్రత, స్పెషలిస్టు డాక్టరుతో నేరుగా మాట్లాడే వీలు ఎక్కువ. కానీ బీమా అనుమతి వచ్చేవరకు అడ్వాన్సు అడుగుతారు, తలకో వెన్నుకో ఆపరేషన్ అంటే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. చేతిలో బీమా కార్డు ఉండి, ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందని తెలిసినప్పుడు ఇది మంచి ఎంపిక. బంధువులు అప్పటికప్పుడు అప్పు తెచ్చి కట్టాల్సిన పరిస్థితిలో మాత్రం, మొదటి రెండు రోజుల చికిత్స ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించి, ప్రాణాపాయం తప్పాక ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం.

ఎయిమ్స్, మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. వారధి దాటి గుంటూరు వైపు, కాజా టోల్ ప్లాజా చుట్టుపక్కల ప్రమాదం జరిగితే దూరం రీత్యా కూడా అవే దగ్గర. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి చేతుల మీదుగా జాతికి అంకితమైన మంగళగిరి ఎయిమ్స్‌లో ఖర్చు తక్కువ, నాణ్యత బాగుంటుంది. అయితే పడక ఉందా, ఆ సమయంలో కావలసిన సర్జన్ ఉన్నారా అన్నది అంబులెన్సు సిబ్బంది చేత ముందుగా ఫోన్ చేయించి తెలుసుకోవాలి.

నర్సింగ్ హోముల్లో మంచి ఎముకల డాక్టర్లు, చేయి తిరిగిన సర్జన్లు ఉన్నారు. మణికట్టు విరిగిందనో, కుట్లు పడాలనో తేలిపోయిన గాయానికి అవి చక్కగా సరిపోతాయి. ఏ గాయమో ఇంకా తేలని మనిషిని సీటీ స్కాన్, బ్లడ్ బ్యాంకు, ఐసీయూ లేని చోటికి తీసుకువెళ్తే అర్ధరాత్రి మళ్లీ మరో ఆసుపత్రికి మార్చాలి, ఆ మార్పుకు పట్టే గంట అతని ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఒక్క మాటలో చెప్పమంటే, తల, మెడ, ఛాతీ, కడుపు, తుంటి వీటిలో ఏది అనుమానమైనా పెద్ద ఆసుపత్రికి, మిగతా వాటికి దగ్గరలో ఉన్న మంచి డాక్టరు దగ్గరికి.

ఆసుపత్రి మారాలనుకుంటే రిఫరల్ ఉత్తరం రాయించుకుని, స్కాన్ ఫిల్ములు తీసుకుని వెళ్లాలి. డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగా సంతకం పెట్టి వెళ్లిపోవడం బీమా దగ్గర ప్రశ్నలకు దారి తీస్తుంది, కొత్త ఆసుపత్రిలో పరీక్షలన్నీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.

దెబ్బ తిన్నవారు ఉన్న ఆసుపత్రికే వెళ్లాలా

ఇది ఎవరూ బయటికి అడగని, ప్రతి కుటుంబమూ లోలోపల అనుకునే ప్రశ్న. ఒకే ఆసుపత్రి అయితే పోలీసుల పని ఒకచోటే అయిపోతుంది, అవతలి వారి పరిస్థితి మనవాళ్లకు తెలుస్తుంది, కావలసిన సాయం వెంటనే చేయవచ్చు. కానీ క్యాజువాలిటీ బయట ఏడుస్తున్న కుటుంబానికి, ఆ ప్రమాదానికి కారణమైన మనిషి పక్క మంచం మీద కనబడటం భరించలేని విషయం. మాట మీద మాట పెరిగి చేతుల దాకా వెళ్తే, మిగతా రోగుల చికిత్స కూడా ఆగిపోతుంది. రెండు మంచి ఆసుపత్రులు దాదాపు సమాన దూరంలో ఉన్నప్పుడు వేర్వేరు చోట్లకు వెళ్లడమే అందరికీ మేలు. అలా వీలుకానప్పుడు, చేరగానే డ్యూటీ డాక్టరుకు, ఔట్‌పోస్టు కానిస్టేబుల్‌కు విషయం చెప్పి వేరే వార్డు అడగాలి. అవతలి కుటుంబంతో మాట్లాడవలసింది ఆ రాత్రి ఆ డ్రైవరు కాదు. ఇంట్లో వయసులో పెద్దవారు, నిదానంగా మాట్లాడగలవారు ఒకరు వెళ్లి, ముందు వైద్యానికి ఏం కావాలో అడగాలి. డబ్బు సాయం చేస్తే రసీదు ఆసుపత్రి పేరు మీదే ఉండాలి. పరిహారం గురించి గానీ, రాజీ గురించి గానీ కాగితాలు రాయకూడదు, ఎందుకంటే బీమా కంపెనీ సమ్మతి లేకుండా బాధ్యత ఒప్పుకోవడాన్ని, ఒప్పందాలు చేసుకోవడాన్ని పాలసీ షరతులు సాధారణంగా అనుమతించవు.

ఎంఎల్‌సీ భయం

మెడికో లీగల్ కేసుగా (ఎంఎల్‌సీ), అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా రాస్తారన్న భయంతో ‘బాత్‌రూంలో జారిపడ్డాడు’ అని చెప్పి చేర్పించే కుటుంబాలున్నాయి. దీనికంటే హానికరమైన సలహా మరొకటి లేదు. జారిపడ్డాడని విన్న డాక్టరు జారిపడిన గాయాలే వెతుకుతాడు, స్టీరింగు దెబ్బ కోసం గుండెను చూడడు, బెల్టు చార కోసం కడుపు చూడడు. తరువాత నిజం బయటపడినప్పుడు కేస్ షీట్‌లోని ఆ మొదటి వాక్యం చూపించి బీమా కంపెనీ క్లెయిము తిరస్కరిస్తుంది, పోలీసులు దాన్ని దాపరికంగా చూస్తారు. ఎంఎల్‌సీ నమోదు కావడం నేరం రుజువు కావడం కాదు. అది డాక్టరు గాయాన్ని నమోదు చేసి పోలీసులకు తెలియజేసే పద్ధతి, అంతే. ఆ నంబరు, గాయాల ధ్రువపత్రం రేపు మీ సొంత క్లెయిముకు కూడా ఆధారమవుతాయి.

డాక్టరుకు చెప్పాల్సింది జరిగిన తీరు. కారు దేన్ని కొట్టింది, సుమారు ఎంత వేగంలో ఉంది, బెల్టు పెట్టుకున్నారా, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుందా, స్పృహ తప్పిందా, ఏ మందులు వాడుతున్నారు, మద్యం తీసుకున్నారా అన్నవి చికిత్సకు కావాలి. తప్పు ఎవరిది అన్న తీర్పు చికిత్సకు అవసరం లేదు. అది దర్యాప్తులో, కోర్టులో తేలే విషయం, కేస్ షీట్‌లో రాయించవలసిన విషయం కాదు.

మద్యం సంగతి దాచడం మరీ ప్రమాదం, ఎందుకంటే మత్తు ఇచ్చే డాక్టరుకు అది తెలియకపోతే ఆపరేషన్ బల్ల మీద ఇబ్బంది వస్తుంది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే మద్యం మత్తులో నడిపినట్టే. పోలీసులు కోరితే రక్త నమూనా తీయించే అధికారం చట్టంలో ఉంది, పైగా ఒక మనిషి నోటితో దాచినంత మాత్రాన రక్తం దాచదు.

బిల్లు ఎవరు కడతారు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కారుకు బీమా ఉంది కాబట్టి తన ఆసుపత్రి ఖర్చు అదే కడుతుందని అనుకుంటారు. థర్డ్ పార్టీ బీమా అవతలి వారి నష్టానికి మాత్రమే, నడిపినవారి సొంత గాయానికి కాదు. ఓన్ డ్యామేజ్ అన్నది బండి రేకులకు, అద్దాలకు. కారు యజమాని పేరు మీద తప్పనిసరిగా ఉండే 15 లక్షల రూపాయల పర్సనల్ యాక్సిడెంట్ కవరు మరణానికి, శాశ్వత వైకల్యానికి వర్తిస్తుంది, మామూలు ఆసుపత్రి బిల్లుకు వర్తించదు. అది కూడా యజమానే నడుపుతూ, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నప్పుడే. బావమరిది కారు అడిగి తెచ్చుకుని నడిపినవారికి ఆ కవరు రాదు. తన నిర్లక్ష్యం వల్లే మరణించిన డ్రైవరు కుటుంబానికి మోటారు వాహనాల చట్టం కింద పరిహారం రాదని సుప్రీంకోర్టు 2025 జూలైలో మరోసారి చెప్పింది. కాబట్టి మిగిలిన దారులు చూద్దాం.

సొంత ఆరోగ్య బీమా ఉంటే అదే మొదటి దారి. నేరం చేయాలన్న ఉద్దేశంతో చట్టాన్ని ఉల్లంఘించినప్పుడు తగిలిన గాయాలకు బీమా వర్తించదన్న షరతు పాలసీల్లో ఉంటుంది. దాన్ని చూసి చాలామంది తమకు రాదనుకుంటారు. ఏమరుపాటు వల్ల జరిగిన ప్రమాదంలో ఆ ఉద్దేశం ఉండదు కాబట్టి ఆ షరతు దానికి అడ్డు రాదు. కొత్త పాలసీకి ఉండే ముప్పై రోజుల నిరీక్షణ కూడా ప్రమాదాలకు ఉండదు. మద్యం మత్తులో నడిపిన కేసులో మాత్రం తిరస్కరణకు సిద్ధపడాలి. చేరిన 24 గంటల లోపు కంపెనీకో, దాని తరఫున క్లెయిములు చూసే సంస్థకో (టీపీఏ) సమాచారం ఇవ్వడం మంచిది. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోపు, డిశ్చార్జి బిల్లు మీద మూడు గంటలలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీ అయితే ఆ పరిమితిలోని గదే తీసుకోండి, లేకపోతే మిగతా బిల్లులో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది.

బియ్యం కార్డు ఉన్న కుటుంబానికి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీగానే నిలిచిన పథకం, గట్టి ఆసరా. తప్పు ఎవరిదని అది అడగదు, జాబితాలో ఆ చికిత్స ఉందా, ఆ ఆసుపత్రి పథకంలో ఉందా అన్నదే చూస్తుంది. అత్యవసర కేసుల్లో ఫోను మీద అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే పద్ధతి ఉంది కాబట్టి, చేరగానే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్య మిత్ర కౌంటరుకు వెళ్లాలి, రాత్రయితే 104కు ఫోన్ చేయాలి. చిన్న గాయాలకు, ఒక్క రోజు పరిశీలనకు ఇది సాధారణంగా పనికిరాదు.

కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించిన రోడ్డు ప్రమాద బాధితుల క్యాష్‌లెస్ చికిత్స పథకం వీటికి భిన్నమైనది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కో బాధితుడికి లక్షన్నర రూపాయల దాకా, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చికిత్స దొరుకుతుంది. పథకంలో చేరని ఆసుపత్రిలో అయితే ప్రాణాపాయం తప్పించేంత వరకే. మోటారు వాహనం వల్ల జరిగిన రోడ్డు ప్రమాదంలో గాయపడ్డ ఎవరికైనా అన్నదే అందులోని మాట, తప్పు తనది కాని వారికే అన్న షరతు లేదు. అయితే ఇది నిజంగా రోడ్డు ప్రమాదమేనని పోలీసుల నుంచి ధ్రువీకరణ రావాలి కాబట్టి, పోలీసులకు తెలియకుండా చేర్పించిన మనిషికి ఇది అందదు. కేసు భయంతో దాక్కున్నవాడు పోగొట్టుకునే వాటిలో ఇది ఒకటి.

ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారు, రైల్వే ఉద్యోగులు, ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో ఉన్నవారు తమ తమ పద్ధతుల్లో వెళ్లవచ్చు. మొదటి గంటల్లో దగ్గరి ఆసుపత్రిలో చేరి, ఆ విషయం మీ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేస్తే సరిపోతుంది. ఒకే బిల్లును రెండు చోట్ల పెట్టకూడదు, ఒక పాలసీ పరిమితి దాటిన మిగులును మాత్రం రెండో పాలసీలో అడగవచ్చు.

జీతం మీద నడిపే డ్రైవర్ల పరిస్థితి వేరు, ఆటోనగర్ చుట్టూ బతికే కుటుంబాలకు ఇది తప్పక తెలియాలి. యజమాని తీసుకునే వాహన బీమాలో జీతం డ్రైవరుకు ఉద్యోగుల నష్టపరిహార నిబంధనల మేరకు రక్షణ ఉంటుంది. పని మీద ఉండగా గాయపడితే, నిర్లక్ష్యం అతనిదే అయినంత మాత్రాన ఆ హక్కు పోదు. మద్యం మత్తులో నడిపినప్పుడు మాత్రం, మరణమో పూర్తి శాశ్వత వైకల్యమో కలిగిన సందర్భాలను మినహాయించి, అది అడ్డు వస్తుంది. యజమాని ‘నీ తప్పే కదా’ అని ఆసుపత్రిలో వదిలేసి వెళ్లినా ఆ మాటతో చట్టం మారదు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది, 15100కు ఫోన్ చేయవచ్చు.

పోలీసులు ఆసుపత్రికి వచ్చినప్పుడు

అరెస్టు చేసి మంచం మీది నుంచి తీసుకుపోతారన్న భయమే చాలామందిని చికిత్సకు దూరం చేస్తుంది. నిర్లక్ష్యంతో నడిపి గాయపరచడం, మరణం జరిగితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను మొదటి భాగం కింద అయిదేళ్ల వరకు శిక్ష పడే నేరం, రెండూ బెయిలు ఇవ్వదగినవే. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ముందుగా నోటీసు ఇచ్చి విచారణకు పిలవడమే ఇప్పుడున్న పద్ధతి. మత్తులో నడపడం వంటి తీవ్రమైన పరిస్థితుల్లో పెద్ద సెక్షన్లు పెట్టవచ్చు, అప్పుడు వకీలు సలహా ఆలస్యం చేయకూడదు. వాంగ్మూలం ఇచ్చే స్థితిలో రోగి ఉన్నాడో లేదో చెప్పాల్సింది డాక్టరు. తలకు దెబ్బ తగిలిన రాత్రి, నొప్పి ఇంజక్షన్ మత్తులో, సరిగా గుర్తులేని సంగతులను చెప్పి సంతకం పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. పేరు, చిరునామా, లైసెన్సు, బండి కాగితాల వివరాలు ఇవ్వండి, మిగతాది కోలుకున్నాక వకీలుతో మాట్లాడి చెబుతానని మర్యాదగా చెప్పండి. కస్టడీలోకి తీసుకున్నా వైద్య పరీక్షకు, చికిత్సకు హక్కు పోదు.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జి తరువాత రెండు రోజుల పాటు ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరగడం, వాంతులు, మగతగా ఉండటం, కడుపు గట్టిపడటం, ఎడమ భుజంలో కారణం లేని నొప్పి, మూత్రంలో రక్తం వీటిలో ఏది కనబడినా మళ్లీ క్యాజువాలిటీకే, ఫోనులో సలహాకు కాదు.

ఒంటి గాయం మానుతున్నకొద్దీ మరొకటి బయటపడుతుంది. నిద్ర పట్టదు, బ్రేకు చప్పుడు వినబడితే ఒళ్లు జలదరిస్తుంది, అవతలి మనిషి ముఖం కళ్ల ముందు నుంచి కదలదు, తాను బతికి ఉండటమే తప్పు అనిపిస్తుంది. మొదటి వారాల్లో ఇవి చాలామందికి ఉంటాయి, నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యం కావాలి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మానసిక విభాగంలో ఖర్చు లేదు, అయితే ఊళ్లో తెలిసినవారు కనబడతారన్న సంకోచం ఉంటుంది. ప్రైవేటు సైకియాట్రిస్టు దగ్గర ఏకాంతం ఉంటుంది, ఫీజు ప్రతిసారీ కట్టాలి. ఆరోగ్య బీమా పాలసీలు మానసిక వ్యాధికి ఆసుపత్రిలో చేరితే వర్తిస్తాయి, విడిగా చూపించుకునే ఫీజులకు చాలా పాలసీల్లో రాదు. ఈ రెండింటికీ వెళ్లలేని మనిషికి టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, రాత్రి పగలు తేడా లేకుండా మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట అతని నోట వినబడితే మాత్రం ఫోనుతో సరిపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి, అతనికి అందేలా ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, పురుగుమందులు అక్కడి నుంచి తీసేయండి.